‘ప్రెషర్ టెస్ట్ చేశాం’ అన్నాడు, పంపిన చీటీ వేరే వాచీది. పాత డైవింగ్ వాచీలు కొనేవాళ్ళు జాగ్రత్త

వాడిన డైవింగ్ వాచీలు ఆన్‌లైన్‌లో వెతికేవాళ్ళకి ఈ సెల్లర్ తెలిసే ఉంటాడు. నల్లగుడ్డ మీద పెట్టి ఫోటోలు తీస్తాడు. ప్రతి వాచీ కిందా అదే లైను: ‘సర్వీస్ అయింది, కొత్త బ్యాటరీ, ప్రెషర్ టెస్టెడ్’. ప్రెషర్ టెస్టెడ్ అంటే, ఒత్తిడి పెట్టి లోపలికి నీళ్ళు పోవని పరీక్షించాం అని. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. ఆ లైను ఎక్కడ కనిపించినా మాత్రం ఇది చదివాకే డబ్బు కట్టండి.

నేను కొన్నది 200 మీటర్ల లోతు ఒత్తిడిని తట్టుకుంటుందని వెనక రాసి ఉన్న క్వార్ట్జ్ (బ్యాటరీతో నడిచే) వాచీ. కొనేముందే మెసేజ్ పెట్టి మరీ అడిగాను, ‘పూల్‌లో పెట్టుకుంటాను, నిజంగా టెస్ట్ చేశారా?’ అని. ‘చేశాం మేడమ్, చీటీ కూడా ఉంది, నిశ్చింతగా దిగండి’ అన్నాడు. ఆ మెసేజ్ ఇప్పటికీ నా ఫోన్లో ఉంది.

క్రౌన్ (వాచీ పక్కనుండే తిప్పే మర) చివరిదాకా తిప్పి బిగించే దిగాను. బయటికొచ్చి చూస్తే గ్లాసు మసకగా ఉంది. తువ్వాలుతో తుడిచాను, పోలేదు. మసక లోపలి వైపుంది. మూడు అంకె దగ్గర మొదలై చూస్తుండగానే సగం డయల్ కప్పేసింది. చెయ్యి వంచితే ఆరు అంకె కింద ఒక నీటి చుక్క అటూ ఇటూ జారుతోంది. సాయంత్రానికి సెకన్ల ముల్లు ఆగిపోయింది.

ఫోటో పంపితే సెల్లర్ ఇచ్చిన మొదటి జవాబు ఇది: ‘వెనక 200 మీటర్లు అని ఉంటే నీళ్ళలో దూకమని కాదు మేడమ్. ఈత కొడుతూ చేతులు విసిరితే ఒత్తిడి వంద మీటర్లు దాటుతుంది. వాచీని మీరే పాడుచేసుకున్నారు.’

ఈ మాట చాలామంది సెల్లర్లు చెబుతారు, కొనేవాళ్ళు నమ్మి ఊరుకుంటారు. అందుకే లెక్క రాస్తున్నాను. పది మీటర్ల నీటి లోతుకి సుమారు ఒక బార్ ఒత్తిడి, కాబట్టి 200 మీటర్లంటే 20 బార్. చెయ్యి నీళ్ళలో సెకనుకి 5 మీటర్ల వేగంతో కదిలినా దానివల్ల అదనంగా పడేది దాదాపు 0.125 బార్, అంటే మీటరుంపావు లోతు. వేగం సెకనుకి 10 మీటర్లు అనుకున్నా అర బారే, ఐదు మీటర్ల లోతు. చేతి ఊపుకి వంద మీటర్ల ఒత్తిడి రావడం అన్నది అబద్ధం. 30 మీటర్లు అని ఉన్న వాచీని ఈతకి వాడొద్దని చాలా కంపెనీలే చెబుతాయి, అది వేరే సంగతి. 200 మీటర్ల వాచీలోకి ఈతకొలనులో నీళ్ళు వచ్చాయంటే తప్పు ఈతది కాదు. ఎక్కడో రబ్బరు పనిచేయడం లేదు.

అది ఎక్కడో మర్నాడు కళ్ళారా చూశాను. వాచీలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తే ముందు వెనక మూత తిప్పి తీసి, భూతద్దం నా చేతికిచ్చి ‘చూడమ్మా’ అన్నారు. మూత కింద ఉండాల్సిన రబ్బరు రింగు ఒకచోట గాడిలోంచి బయటికొచ్చి, మూతకీ కేసుకీ (వాచీ బయటి డొక్కుకీ) మధ్య నలిగి కాగితంలా పల్చబడింది. దాని మీద సిలికాన్ గ్రీజు ఆనవాలు కూడా లేదు. మూత అంచున దాన్ని తిప్పే పనిముట్టు జారిన గీతలు కొత్తగా మెరుస్తున్నాయి. బ్యాటరీ మార్చడానికి మూత తెరిచారు, పాత రింగునే మళ్ళీ కుక్కి బిగించారు. సెల్లర్ గొప్పగా రాసుకున్న ‘కొత్త బ్యాటరీ’ కథ అదీ.

ఆయన అంతటితో ఆగలేదు. మూవ్‌మెంట్ (లోపలి యంత్రం) బయటికి తీసి, ఖాళీ కేసుకి కొత్త రింగు వేసి మూత బిగించి టెస్ట్ పెట్టారు. గాజులా కనిపించే చిన్న గొట్టంలో సగం దాకా నీళ్ళు, పైన గాలిలో వేలాడుతూ కేసు. పంపు కొట్టి ఒత్తిడి చూపే ముల్లు 3 బార్ దగ్గరికి తెచ్చి కాసేపు ఆగారు. కేసులో లీకు ఉంటే ఆ సమయంలో గాలి లోపలికి చొరబడుతుంది. తర్వాత కేసుని నీళ్ళలోకి దించి ఒత్తిడి మెల్లగా వదిలితే, చొరబడిన గాలి వచ్చిన దారినే బుడగలుగా బయటపడుతుంది. మూత దగ్గర ఒక్క బుడగా లేదు. క్రౌన్ కింద మాత్రం వరసగా, ఆగకుండా వచ్చాయి. లోపలికి నీళ్ళు పోకుండా ఆయన వెంటనే కేసుని పైకి లాగేశారు. క్రౌన్ లోపలి రబ్బరు గట్టిపడి పగిలిందట. అంటే రెండు చోట్ల లీకు. 20 బార్ సంగతి వదిలేయండి, 3 బార్‌కే నిలవలేదు. ఏ టెస్ట్ చేసినా ఇది బయటపడి తీరేది.

అప్పుడు సెల్లర్‌ని చీటీ అడిగాను. నాకు ఇంకా ఒళ్ళు మండుతున్నది దీనికే.

చీటీ ఫోటో పంపాడు. గాలి ఒత్తిడితో కేసు ఎంత వంగిందో కొలిచే డ్రై టెస్ట్ మెషీన్ చీటీ అది, పనికొచ్చే టెస్టే. అందులో ఉన్న ఒత్తిడి 3 బార్, ప్రకటనలో రాసిందేమో 200 మీటర్లు. అదీ సరేననుకున్నా, చీటీ పైన పెన్నుతో కేసు నంబరు (వాచీ వెనక ఉండే నంబరు) రాసి ఉంది. నా వాచీ తిరగేసి ఒక్కో అంకే పోల్చి చూశాను. ఒకటికి రెండుసార్లు చూశాను. చివరి నాలుగు అంకెలూ వేరు. ఆ చీటీ నా వాచీది కాదు.

రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి పంపాను. ఫోన్ చేసి, కనీసం గొంతు తగ్గించకుండా, ‘చీటీలన్నీ ఒకలాగే ఉంటాయి మేడమ్, ఏది పంపితే ఏముంది? అయినా పాత వాచీ కొనేవాళ్ళు ఇన్ని ప్రశ్నలు వేయరు’ అన్నాడు. వేరే వాచీ పాసైన కాగితం చూపించి నా వాచీని నీళ్ళలోకి దింపించిన మనిషి, దొరికిపోయాక అన్న మాట ఇది. క్షమాపణ లేదు, డబ్బు వాపసు లేదు. ‘మీరు బయట మూత తీయించారు కాబట్టి ఇక మాకు సంబంధం లేదు’ అని పెట్టేశాడు. లోపల నీళ్ళుంటే మూత తీయక ఏం చేస్తారు? తీసేసరికే కాయిల్ (ముళ్ళని నడిపే తీగచుట్ట) పోయింది, సర్క్యూట్ మీద పచ్చగా తుప్పు పట్టింది.

వెనక చెక్కిన అంకెకి ఎంత విలువ ఇవ్వాలో కూడా చెప్పాలి. ఐఎస్ఓ 6425 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం డైవర్స్ వాచీ అనిపించుకోవాలంటే కనీసం 100 మీటర్లు ఉండాలి, తయారైన ప్రతి వాచీనీ చెప్పిన లోతు కంటే 25 శాతం ఎక్కువ ఒత్తిడిలో పరీక్షించాలి. మామూలు వాటర్ రెసిస్టెంట్ వాచీలకి ఐఎస్ఓ 22810, అక్కడ కొన్ని నమూనాలు పరీక్షిస్తే చాలు. రెండూ వాచీ కొత్తగా ఉన్నప్పటి మాటలే. రబ్బరు ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడుతుంది, చెమట, సబ్బు, వేడినీళ్ళు దాన్ని ఇంకా త్వరగా చెడగొడతాయి. పైగా ఎవరైనా మూత తెరిచారంటే, మళ్ళీ టెస్ట్ అయ్యేదాకా ఆ అంకెని నమ్మడానికి లేదు.

కొనేముందు చీటీ అడగండి. అందులో మీ వాచీ నంబరు, తేదీ, ఎన్ని బార్లు అన్నది ఉండాలి, తేదీ బ్యాటరీ మార్చిన తర్వాతదై ఉండాలి. చేతికొచ్చాక తడపకముందే మీరే ఇంకోచోట టెస్ట్ చేయించండి. లోపల ఇప్పటికే తేమ ఉందేమో ఇంట్లోనే తెలుసుకోవచ్చు: వాచీని 40 నుంచి 45 డిగ్రీల దాకా వెచ్చబెట్టి, గ్లాసు మీద చల్లని నీటి చుక్క ఒక నిమిషం ఉంచి తుడవండి. గ్లాసు లోపల మసక వస్తే తేమ ఉన్నట్టే. రాకపోతే లీకు లేదని మాత్రం కాదు. ఒకవేళ నీళ్ళు పోయాయనిపిస్తే ఎండలో పెట్టి చూద్దామని ఆగకండి, అదే రోజు మూత తీయించండి.

మెసేజ్‌లు, చీటీ, కేసు నంబరు ఫోటోలు కలిపి ఫిర్యాదు పెట్టాను, ఇంకా జవాబు రాలేదు. ఇదే మనిషి దగ్గర ‘ప్రెషర్ టెస్టెడ్’ వాచీ కొన్నవాళ్ళు ఎవరైనా ఉంటే, మీకిచ్చిన చీటీ మీది నంబరు వాచీ వెనక ఉన్నదానితో ఇవాళే పోల్చి చూసుకోండి. తేడా ఉంటే నాకు రాయండి, నా ఫిర్యాదుకి జత చేస్తాను.