రైలు గేటు, స్కూలు గేటు: మా పాప బడి మీద అయిదేళ్ల అనుభవం

మా పాప ఎల్‌కేజీ నుంచి ఇప్పుడు మూడో తరగతి దాకా ఒకే స్కూల్లో చదువుతోంది. విజయవాడ ఏలూరు రోడ్డు పక్క సందుల్లో ఉంటుంది. పేరు రాయను, పాప ఇంకా అక్కడే చదువుతోంది మరి. ఫీజులు, డిజిటల్ బోర్డులు, ఆటస్థలం గురించి అడ్మిషన్ల సీజన్లో వాళ్లే ఆటోకి మైకు కట్టి చెప్తారు. నా గొడవంతా గేటు గురించే.

ఉదయం ఎనిమిదిన్నరకి గేటు వేసేస్తారు. ఒక్క నిమిషం దాటినా అంతే సంగతులు. చేరిన కొత్తలో ఇది నాకు తెగ నచ్చింది. మా చెల్లికి ఫోన్ చేసి మరీ గొప్పలు చెప్పాను. అప్పట్లో మేం సత్యనారాయణపురంలో ఉండేవాళ్లం, గేటు పడే టెన్షన్ మాకు తెలీదు. ఆ తర్వాత గుణదల రైల్వే గేటుకి అవతల ఇల్లు తీసుకున్నాం. అద్దె తగ్గింది, రైలు గేటు మెడకి చుట్టుకుంది.

ఆ గేటు సంగతి తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. చెన్నై, హౌరా మధ్య తిరిగే బళ్లన్నీ ఆ లైను మీదే పోతాయి. ఎక్స్‌ప్రెస్ వెళ్లిపోయింది కదా అని బండి స్టార్ట్ చేసేసరికి అటు నుంచి గూడ్సు వస్తూ ఉంటుంది. ముందు కూర్చున్న మా పాప పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెడుతుంది. బొగ్గు బండి అయితే యాభై ఎనిమిది, చివర గార్డు పెట్టెతో కలిపి యాభై తొమ్మిది.

అసలు జరిగింది చెప్తాను. పాప ఒకటో తరగతిలో ఉండగా, ఫిబ్రవరిలో గుణదల మేరీమాత ఉత్సవాల రోజులు. ఆ మూడు రోజులూ ఏలూరు రోడ్డు మీద జనం ఎలా ఉంటారో మీకు తెలుసు. మా ఆయన ఎలాగో సందులు తిప్పి 8:34కి పాపని స్కూలు దగ్గర దింపారు. పెద్ద గేటు వేసేశారు, పక్కన చిన్న తలుపు తీసి పాపని లోపలికి తీసుకున్నారు. అది చూసుకుని ఆయన డ్యూటీకి గన్నవరం వెళ్లిపోయారు.

9:10కి గవర్నర్‌పేటలో మా ఆఫీసులో ఉండగా నాకు మెసేజ్ వచ్చింది. మీ అమ్మాయి ఈరోజు స్కూలుకి హాజరు కాలేదు అని.

మా ఆయనకి ఫోన్ చేస్తే ఎత్తలేదు, బండి మీద ఉన్నారు. స్కూలుకి చేస్తే, ఏమున్నా యాప్‌లో రాయమని రికార్డు చేసిన గొంతు. యాప్‌లో రాస్తే, నలభై ఎనిమిది గంటల్లో జవాబిస్తామని వచ్చింది. ఏడేళ్ల పిల్ల కనపడటం లేదంటే నలభై ఎనిమిది గంటలు! ఆటో ఎక్కాను గానీ కదలదు. సగం దారిలో దిగి, కొబ్బరికాయలు, కొవ్వొత్తులు పట్టుకుని వెళ్తున్న జనంలోంచి చెప్పులు చేత పట్టుకుని పరిగెత్తాను.

పాప ఎక్కడుందనుకున్నారు? గేటు పక్కన వాచ్‌మన్ గదిలో. ఇంకో ముగ్గురు పిల్లలతో బెంచీ మీద కూర్చుని, వాచ్‌మన్ తాత ఇచ్చిన పల్లీ ఉండ కొరుకుతోంది. నన్ను చూసి, "అమ్మా, నేను బాక్స్ మర్చిపోయానా?" అంది.

ఆలస్యంగా వచ్చినవాళ్లని మొదటి పీరియడ్ అయ్యేదాకా క్లాసులోకి పంపరట. అటెండెన్స్ మాత్రం తొమ్మిదికి కంప్యూటర్లోకి వెళ్లిపోతుందట. ఆఫీసులో మేడమ్‌ని అడిగాను.

"పాప మీ దగ్గరే ఉంది కదండీ, రాలేదని మెసేజ్ ఎలా పెడతారు?"

"క్లాసులో లేదు కదమ్మా. సిస్టమ్ అలా తీసుకుంటుంది."

విద్యా హక్కు చట్టం, 2009లో సెక్షన్ 17 ప్రకారం పిల్లల్ని కొట్టడమే కాదు, మానసికంగా వేధించడం కూడా కుదరదు. పాఠం పోగొట్టి గేటు దగ్గర కూర్చోబెట్టడం అందులోకి వస్తుందా అని యాప్‌లో అడిగాను. రెండు రోజుల తర్వాత బొటనవేలి బొమ్మ ఒకటి వచ్చింది. ఆ మాటకొస్తే, చెప్పిన గడువులోనే వచ్చింది.

ఏమీ మారలేదనలేను. ఇప్పుడు మెసేజ్‌లో "ఆలస్యం లేదా గైర్హాజరు" అని రాస్తున్నారు. రెండిట్లో ఏదో మనమే తేల్చుకోవాలి. మార్చిలో ఒంటిపూట బడులు మొదలైతే గేటు ఇంకా ముందే వేసేస్తారు. రైల్వే వాళ్లకి ఒంటిపూట ఉండదు కదా.

పాప లెక్కలు చకచకా చేస్తుందని మీటింగుల్లో మెచ్చుకుంటే, ఇన్నాళ్లూ స్కూలు గొప్పే అనుకున్నాను. అందులో సగం గూడ్సుబళ్లదని ఇప్పుడు అనిపిస్తోంది. తెలుగు మాత్రం నిజంగా బాగా చెప్పేవారు, గుణింతాలు పాటలా నేర్పారు. అది ఆ ఒక్క టీచరు చలవ. ఆవిడ దసరా సెలవుల తర్వాత తిరిగి రాలేదు. కొత్తావిడ బోర్డు మీద రాసింది ఎక్కించుకోమంటారు.

మరి మాన్పించవచ్చుగా అంటారు. ఈ ఏడు చిన్నదాన్నీ అక్కడే వేశాం. సాయంత్రం పిల్లలిద్దర్నీ తీసుకొచ్చేది మా మామయ్యగారు, ఆయనకి అలవాటైన దారి అదొక్కటే. పైగా ఆ వాచ్‌మన్ తాత ఉన్నన్నాళ్లు నాకు కాస్త ధైర్యం. లైనుకి ఇవతల, ఏలూరు రోడ్డు వైపు ఇల్లున్నవాళ్లకి నేను చెప్పిన బాధ ఉండకపోవచ్చు, చేర్చుకోండి. అవతలివాళ్లయితే ఓ వారం పాటు పొద్దున్నే ఆ దారిలో బండేసుకుని వెళ్లి చూసుకోండి, ఆ తర్వాతే ఫీజు కట్టండి.

ఈ రోజు గూడ్సుకి నలభై రెండు పెట్టెలే. 8:26కి చేరాం.