మాస్టర్ గార్డెనర్ ట్రైనింగా, కమ్యూనిటీ గార్డెన్‌లో మడా: ఏది మేలు?

ఫిబ్రవరి వచ్చిందంటే డాలస్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్ల నుంచి నాకు ఒకటే ప్రశ్న. "మొక్కలంటే ఇష్టం. నలుగురికీ పనికొచ్చేది ఏదైనా చెయ్యాలనీ ఉంది. మాస్టర్ గార్డెనర్ ట్రైనింగ్‌కి అప్లై చెయ్యమంటారా, కమ్యూనిటీ గార్డెన్‌లో ఒక మడి తీసుకోమంటారా?" మాస్టర్ గార్డెనర్ ట్రైనింగ్ అంటే యూనివర్సిటీ వాళ్లు తోటపని పాఠాలు చెప్పి, బదులుగా ఊళ్లోవాళ్లకు సలహాలు చెప్పే సేవ అడిగే శిక్షణ. నేను నాలుగేళ్లు మడి సాగు చేశాక ట్రైనింగ్ తీసుకున్నాను. ఇప్పటికీ రెండూ వదల్లేదు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే ఒకచోట రాస్తే మంచిదనిపించింది.

ముందు మడి సంగతి. సిటీ స్థలమో చర్చి స్థలమో ఉంటుంది. అందులో నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదో పదో అడుగుల పొడవున్న చెక్క మడులు. ఏడాదికి కొంత అద్దె, అప్పుడప్పుడూ శనివారం పొద్దున ఉమ్మడి పని. పండినదాంట్లో కొంత, లేనివాళ్లకు ఉచితంగా తిండి సరుకులిచ్చే ఫుడ్ ప్యాంట్రీకి ఇవ్వాలనే పద్ధతి చాలా తోటల్లో ఉంది. వెయిటింగ్ లిస్టు దాటగలిగితే వారంలో విత్తనం వెయ్యొచ్చు. బెండ, గోంగూర ఇక్కడి ఎండకు ఏపుగా వస్తాయి. పక్క మడిలో మెక్సికో నుంచి వచ్చిన అవ్వ మిరపనారు ఇస్తుంది, మనం గోంగూర విత్తనాలు ఇస్తాం. ఇంగ్లీషు అంతగా రాకపోయినా ఆ స్నేహాలకు అడ్డమేమీ ఉండదు.

మా నాన్న మొదటిసారి వచ్చినప్పుడు తోటకు తీసుకెళ్లాను. మడిలో ఉన్నది కొని పోసిన మట్టి. ఆయన దాన్ని చూడనే లేదు. గట్టు పక్కన నేలలోంచి ఒక పెడ్డ తీసి, అరచేతిలో నలిపి, కాసిని నీళ్లు పోసి మళ్లీ పిసికారు. అది వేళ్లకు బంకలా అంటుకుంది. "ఇది మన నల్లరేగడే కదమ్మా!" అన్నారు. నిజమే. డాలస్ ఉన్నది బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అనే నల్లమట్టి మైదానం మీద. ఒకప్పుడు పత్తి పండిన నేల ఇది. ఎండకు చెయ్యి దూరేంతగా నెర్రెలు విచ్చుతుంది, వానకు చెప్పులు ఊడొచ్చేలా పట్టుకుంటుంది. ఆ ఆరు నెలలూ ఆయనకు పొద్దున లేవగానే వెళ్లడానికి ఒక చోటు దొరికింది. విజిటర్ వీసా మీద వచ్చి నాలుగు గోడల మధ్య కూర్చునే అమ్మానాన్నల కోసమే అయితే ఇక ఆలోచించకండి, మడే తీసుకోండి. ఏడాది పొడవునా సేవ అడిగే ట్రైనింగ్ వాళ్లకు ఎలాగూ కుదరదు.

ఇక మాస్టర్ గార్డెనర్. 1970ల మొదట్లో వాషింగ్టన్ రాష్ట్రంలో సియాటిల్, టకోమా చుట్టూ ఇళ్లు విపరీతంగా పెరిగాయి. పెరటి మొక్కల గురించి యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసులకు వచ్చే ఫోన్లకు జవాబు చెప్పడం అక్కడి ఉద్యోగులకు తలకు మించిన పనైంది. ఎక్స్‌టెన్షన్ ఆఫీసులంటే మన కృషి విజ్ఞాన కేంద్రాల్లాంటివి అనుకోండి. 1914 నాటి స్మిత్-లీవర్ చట్టంతో అమెరికా అంతటా ఏర్పడ్డాయి. అప్పుడు డేవిడ్ గిబ్బీ అనే ఎక్స్‌టెన్షన్ ఏజెంటు, ఆయన తోటివాళ్లు ఒక ఉపాయం ఆలోచించారు: ఆసక్తి ఉన్నవాళ్లకు మేం పాఠాలు చెప్తాం, బదులుగా వాళ్లు ఊరికి జవాబులు చెప్పాలి. 1973లో మొదటి బ్యాచ్ నడిచింది. సియాటిల్‌లో పీ-ప్యాచ్ అనే కమ్యూనిటీ గార్డెన్లు మొదలైందీ ఆ ఏడాదే. అంటే మీరు అడిగే ఈ రెండు దారులూ అక్కడ ఒకే ప్రాంతంలో, ఒకే ఏడు పుట్టాయి.

ఆ ఒప్పందమే ఇప్పటికీ నడుస్తోంది. మన టెక్సస్‌లో టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్ వాళ్లది. కనీసం 50 గంటల క్లాసులు, మొదటి ఏడాదిలో కనీసం 50 గంటల సేవ. ఆ తర్వాత ఏటా కనీసం 12 గంటల సేవ, 6 గంటల చదువు ఉంటేనే ఆ పేరు నిలుస్తుంది. కాలిఫోర్నియాలో ఆ ఏటేటా లెక్క 25 గంటల సేవ, 12 గంటల చదువు. ఫీజు కౌంటీని బట్టి మారుతుంది. బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉంటుంది. ఆ పేరు చెప్పుకుని వ్యాపారం చెయ్యకూడదు.

గంటలు, ఫీజులు చూసి ఎంచుకోవద్దు. నా లెక్కలో తేల్చేది ఒకటే: మీ మొక్కకు ఏమైందో తెలియనప్పుడు ఎవరిని అడుగుతారు, ఆ జవాబు ఎక్కడిది?

మడి తీసుకున్న మూడో ఏడు, ఏప్రిల్‌లో, మా తోటకు ఒకాయన ట్రక్కు నిండా గుర్రాల ఎరువు తెచ్చి పోశారు. బాగా చివికి, నల్లగా, వాసన లేకుండా ఉంది. పశువుల ఎరువంటే మనకు చిన్నప్పటి నుంచీ నమ్మకం. అందరికంటే ముందు నేనే ఎనిమిది బకెట్లు వేసుకున్నాను. మూడు వారాలకు టమాటా చిగుళ్లు మెలితిరిగాయి. ఆకులు వెడల్పు పోయి దారాల్లా సన్నబడ్డాయి. చిక్కుడు గిడసబారిపోయింది. అదే ఎరువు వేసిన పక్క మడిలో మొక్కజొన్న మాత్రం నిగనిగలాడుతూ లేచింది. వైరస్ అన్నారు ఒకరు. తెల్లదోమ అన్నారు ఇంకొకరు. వేపనూనె కొట్టాం, పుల్లమజ్జిగ కొట్టాం. చివరికి పదకొండు టమాటా మొక్కలు పీకి పారేశాను. అంతమంది మంచి మనుషులున్న తోటలో ఒక్కరికీ కారణం తెలియలేదు. అలాగని "నాకు తెలియదు" అన్నవాళ్లూ లేరు.

రెండేళ్లకు ట్రైనింగ్ క్లాసులో కలుపుమందుల పాఠం. తెర మీద వచ్చిన ఫొటో చూసి నా మడే అనుకున్నాను. పచ్చికబయళ్లలో వెడల్పాకు కలుపు చావడానికి అమైనోపైరాలిడ్ లాంటి మందులు కొడతారు. ఆ గడ్డి తిన్న గుర్రానికి ఏమీ కాదు. మందు మాత్రం కడుపులో కరగదు, పెంటలో ఉండిపోతుంది, కుప్ప చివికినా నెలల తరబడి పోదు. గడ్డిజాతి కాబట్టి మొక్కజొన్న తట్టుకుంది. టమాటా, చిక్కుడు తట్టుకోలేకపోయాయి. పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. రెండు మూడు కుండీల్లో ఆ ఎరువు కలిపిన మట్టి, రెండు మూడింటిలో మామూలు కుండీమట్టి, అన్నిట్లోనూ చిక్కుడు గింజలు. మూడు జతల ఆకులు వచ్చేదాకా చూడాలి. ఎరువు కుండీల్లోనే ఆకులు ముడుచుకుంటే ఆ ఎరువు ముట్టుకోకూడదు. ఇంత చిన్న పని తెలియక ఒక తోటంతా ఒక కాపు పోగొట్టుకుంది.

క్లాసు సగమే. మిగతా సగం, ఊళ్లోవాళ్ల ఫోన్లకు మేం జవాబులు చెప్పే హెల్ప్ డెస్క్ దగ్గర నేర్చుకున్నాను. అక్కడ ముందు నేర్పేది "తెలియదండీ, కనుక్కుని చెప్తాను" అనడం. మాకు అనిపించింది చెప్పకూడదు, యూనివర్సిటీ పరీక్షించి చెప్పినదే చెప్పాలి. నీళ్లు ఎన్ని రోజులకోసారి పోస్తున్నారు, ఈమధ్య ఏమేం వేశారు, పసుపు లేత ఆకులకా ముదురు ఆకులకా అని వరసగా అడగాలి. లేత ఆకులు పసుపై ఈనెలు పచ్చగా ఉంటే, సున్నం ఎక్కువున్న మన డాలస్ నేలలో మొదట అనుమానించాల్సింది ఇనుము అందకపోవడం. యూరియా వేస్తే తగ్గేది కాదు. ఎదుటివాళ్లకు జవాబు బాకీ పడ్డప్పుడు చదివినట్టు సొంత మొక్క కోసం నేనెప్పుడూ చదవలేదు.

ఒకరోజు ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. నా పేరు వినగానే తెలుగులోకి వచ్చేశారు. "కరివేపాకు ఆకంతా రాలిపోతోందమ్మా, రోజూ నీళ్లు పోస్తూనే ఉన్నాను." జనవరి అది. మొక్క గరాజ్‌లో ఉంది. చలికాలం కరివేపాకు నిద్రపోతుంది, రోజూ నీళ్లు పోస్తే వేరు కుళ్లుతుంది అని చెప్పాను. ఇంకో మాట కూడా చెప్పాల్సి వచ్చింది. ఆవిడ పిలకలు తవ్వి వేరే ఊళ్లలో ఉన్న బంధువులకు పంపుతున్నారట. కరివేపాకు నిమ్మజాతికి చుట్టం. నిమ్మ, నారింజ చెట్లను చంపే సిట్రస్ గ్రీనింగ్ తెగులును మోసే సిల్లిడ్ పురుగు దీనిమీద పెరుగుతుంది. టెక్సస్‌లో ఆ తెగులు 2012లో రియో గ్రాండ్ లోయలో బయటపడింది. అందుకే క్వారంటైన్ ప్రాంతాల నుంచి కరివేపాకు మొక్కల్ని బయటికి పంపడం మీద నిబంధనలున్నాయి. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. "ఈ సంగతి మాకు ఎవరూ చెప్పలేదమ్మా" అన్నారు. మన ఇళ్లలో కరివేపాకు లేని ఇల్లు లేదు. ఇది మన భాషలో చెప్పే మనిషి ప్రతి కౌంటీలో ఒక్కరైనా ఉండాలి.

ట్రైనింగ్‌లో ఇబ్బందులు లేవని కాదు. చాలా కౌంటీల్లో క్లాసులు పనిరోజుల్లో, పగటిపూట ఉంటాయి. ఐటీ ఉద్యోగం చేస్తూ వెళ్లాలంటే సెలవులు ఖర్చవుతాయి, మేనేజర్‌తో టెన్షన్. పాఠాల్లో సగం లాన్ గడ్డి, గులాబీలు, ఓక్ చెట్లు. దొండపాదు గురించి ఒక్క ముక్క వినబడలేదు. ముఖ్యంగా, ఆ 50 గంటల్లో మీ ఇంటికి ఒక్క వంకాయ కూడా రాదు.

మిగతా దారులు అడిగేవాళ్లూ ఉన్నారు. ఆన్‌లైన్ కోర్సులు సమాచారానికి ఫరవాలేదు. గుడి తోటలో సేవ మనసుకు హాయి, ఉంటే తప్పకుండా వెళ్లండి. వాట్సాప్ విత్తనాల గ్రూపులు ఇక్కడ పండిన విత్తనాలు పంచుకునేంతవరకు మంచివే. ఇండియా నుంచి సూట్‌కేసులో విత్తనాలు తేవడానికి మాత్రం అనుమతి పత్రాలు కావాలి.

ఇంట్లో చంటిపిల్లలున్నా, అమ్మానాన్నలు వస్తున్నా, ఇంతవరకు ఒక్క మొక్కా పెంచకపోయినా ముందు మడి తీసుకుని రెండు వేసవులు చెయ్యండి. అప్పటికే నాలుగేళ్లుగా పండిస్తూ, చుట్టుపక్కల వాళ్లు మిమ్మల్నే సలహా అడుగుతుంటే ఈసారి ట్రైనింగ్‌కే అప్లై చెయ్యండి. సెలవులు పెట్టాల్సి వచ్చినా సరే. చాలా కౌంటీల్లో మాస్టర్ గార్డెనర్లు వసంతంలో మొక్కల అమ్మకం పెడతారు. అక్కడికి వెళ్లి, చేతులకు మట్టి ఉన్నవాళ్లను చూసి మాట్లాడండి. క్లాసులు ఏ రోజుల్లో, ఎన్నింటికి అన్నది వాళ్లే చెప్తారు.

నాన్న ఈ మార్చి నెలాఖరుకు మళ్లీ వస్తున్నారు. తోటకు కొత్త ఎరువు వచ్చింది. వంటింటి కిటికీలో నాలుగు కుండీల్లో చిక్కుడు గింజలు పెట్టాను. రోజూ వీడియో కాల్‌లో వాటినే చూపించమంటున్నారు. నిన్నటికి రెండు జతల ఆకులు వచ్చాయి. "ఇంకో జత రానీ, తొందరపడకు. అప్పుడు చూసి నారు పోద్దాం" అన్నారు.