సోమవారం పొద్దున 8 గంటల క్విజ్: అయిదు సెమిస్టర్ల తర్వాత నా రివ్యూ

ముందే చెప్పేస్తా, ఇది మా మెడికల్ కాలేజీ మొత్తం మీద రివ్యూ కాదు. ఫీజెంత, ఎన్ని సెమిస్టర్లు, బీచ్ ఎంత దూరం, ఇవన్నీ ఏ కన్సల్టెన్సీకి ఫోన్ చేసినా అడక్కముందే చెప్తారు, బీచ్ గురించైతే రెండుసార్లు చెప్తారు. నేను రాసేది వీక్లీ షెడ్యూల్ గురించి, అందులోనూ నా ఆదివారాలన్నీ మింగేసిన ఒక్క గడి గురించి. సోమవారం, 8:00 నుంచి 8:20, క్విజ్. కాలేజీ పేరు మాత్రం రాయను, నా రొటేషన్ల (ఆస్పత్రి పోస్టింగుల) కాగితాలు ఇంకా వాళ్ళ దగ్గరే ఉన్నాయి. కరీబియన్ దీవి బార్బడోస్‌లో అని మాత్రం చెప్తా, చాలు.

మాది తెనాలి. ఇంటర్ బైపీసీ విజయవాడలో రెసిడెన్షియల్, అంటే ఆదివారం అనేది కేలండర్లో ఎర్రంకె తప్ప ఇంకేం కాదని పదహారేళ్ళకే తెలిసిపోయింది. వీకెండ్ టెస్టు, మంగళవారానికి నోటీస్ బోర్డు మీద ర్యాంకుల లిస్టు, సాయంత్రానికి నాన్న ఫోన్‌కి మెసేజ్. నీట్ క్వాలిఫై అయ్యా గానీ ఇక్కడ సీటొచ్చే మార్కులు కావవి. 2022 మేలో బార్బడోస్‌లో దిగా, ప్రీమెడ్ అయ్యాక 2023 సెప్టెంబర్లో ఎండీ ఫస్ట్ సెమ్ (వాళ్ళు ఎండీ అంటారు, మన లెక్కలో ఎంబీబీఎస్సే, మా పెద్దమ్మకి ఇప్పటికీ అర్థం కాలేదు, అందరికీ స్పెషలిస్టునని చెప్పుకుంటోంది), 2025 ఏప్రిల్‌కి బేసిక్ సైన్సెస్ అయిదు సెమిస్టర్లూ అయిపోయాయి. విజయవాడ నుంచి తప్పించుకుని రెండు సముద్రాలు దాటి వెళ్తే అక్కడ కూడా వారం టెస్టే ఎదురొచ్చింది, అదీ నా బాధ.

శుక్రవారం సాయంత్రం ఆరింటికి వచ్చే వారం షెడ్యూల్ మెయిల్లో పడుద్ది. ఒక్కో సబ్జెక్టుకి ఒక్కో రంగు, క్విజ్ ఒక్కటే ఎరుపు. పొద్దున ఎనిమిది నుంచి పన్నెండు దాకా లెక్చర్లు, గంట లంచ్, ఫస్ట్ సెమ్‌లో అయితే మంగళ గురువారాలు ఒంటిగంట నుంచి నాలుగు దాకా డిసెక్షన్. ఆ రోజుల్లో ల్యాబ్ నుంచి అట్నే జెడ్ఆర్ వ్యాన్ ఎక్కితే (మన షేర్ ఆటోలాంటిదే, తెల్ల వ్యాన్‌కి మెరూన్ గీత, ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగినా మూడున్నర బార్బడోస్ డాలర్లు) ఫార్మలిన్ వాసనకి పక్కనావిడ ఏమీ అనకుండా కిటికీ ఇంకాస్త తీసేది. బుధవారం మధ్యాహ్నం ఖాళీ, బట్టలూ బ్యాంకూ కూరగాయలూ అన్నీ ఆ పూటే. నాలుగు వారాలకోసారి క్విజ్ బదులు బ్లాక్ ఎగ్జామ్, అంటే పెద్ద పరీక్ష. ఇంతే వారం.

మొదటి సెమ్‌లో ఈ క్విజ్‌ని తెగ పొగిడింది నేనే, అది దాచను. జూనియర్లు ఎవరడిగినా అరే సూపర్ రా, చదువు పేరుకుపోదు, పది ప్రశ్నలు ఇరవై నిమిషాలు, వారం వారం తేలిపోద్ది అని వాయిస్ మెసేజ్‌లు పెట్టా. ఆ మాట అబద్ధం కాదు, మా బ్యాచ్‌లో క్విజ్ లేకపోతే అనాటమీ పుస్తకం అట్ట కూడా తెరవని వాళ్ళున్నారు, వాళ్ళలో నేనూ ఒకణ్ణి. కాకపోతే అప్పటికి నేను ఒక్క బ్లాక్ ఎగ్జామే రాశా. రెండోది రాశాక తెలిసింది, క్విజ్ వేరే పరీక్ష, బ్లాక్ వేరే పరీక్ష అని. క్విజ్‌లో రేడియల్ నర్వ్ (చేతిలో ఒక నరం) వెన్నుపాము దగ్గర ఏ రూట్ల నుంచి వస్తుంది అని అడుగుతారు, సీ5 నుంచి టీ1, నొక్కేస్తాం, మార్కు. బ్లాక్‌లో ఏమో ఒకాయన శనివారం రాత్రి బాగా తాగి కుర్చీ వెనక్కి చెయ్యి వేలాడేసుకుని పడుకున్నాడు, పొద్దున లేచేసరికి మణికట్టు పైకి లేవట్లేదు, అయ్యా ఇప్పుడు చెప్పు, ఏ నరం, ఏ కండరం, స్పర్శ ఎక్కడ పోద్ది అని ఉంటది. నలిగింది ఆ రేడియల్ నర్వే. నాకు రూట్లు గుర్తున్నాయి, ఆ తాగినాయనకి ఏమైందో తెలీలేదు. క్విజ్‌లో తొమ్మిదీ పదీ వస్తుంటే చదువుతున్నాం అనుకుంటాం, నిజానికి ఆదివారం మింగి సోమవారం కక్కుతున్నాం. ఈ ముక్క జూనియర్లకి చెప్పడానికి నాకు ఇంకో సెమ్ పట్టింది, మరి ముందు పెట్టిన వాయిస్ మెసేజ్‌లు వెనక్కి రావు కదా.

ఇంక అసలు కథ. 2024 జూన్ 29, శనివారం, కెన్సింగ్టన్ ఓవల్‌లో టీ20 వరల్డ్ కప్ ఫైనల్. ఇండియా మ్యాచ్, నేనుండే ఊళ్ళో, వ్యాన్‌లో ఇరవై నిమిషాల దూరంలో. తెనాలిలో మా వాళ్ళు రాత్రి ఎనిమిదింటికి టీవీ ముందు కూర్చుంటే నేను పొద్దున పదిన్నరకి గ్రీనిడ్జ్ అండ్ హేన్స్ స్టాండ్‌లో కూర్చున్నా. మా థర్డ్ సెమ్ నడుస్తోంది, మైక్రోబయాలజీ. శుక్రవారం షెడ్యూల్లో సోమవారం క్విజ్ మామూలుగానే ఉంది, సరే ఆదివారం ఎలాగూ మనది కాదు, శనివారం ఒక్కరోజు బతుకుదాం అనుకున్నా. అప్పటికే బెరిల్ అనే తుఫాను అట్లాంటిక్ మీద తయారై మా వైపే వస్తోందని అందరికీ తెలుసు, స్టేడియంలో మాత్రం ఎవడికీ పట్టలేదు.

పదిహేనో ఓవర్. అక్షర్ బౌలింగ్, క్లాసెన్ ఒక్క ఓవర్లో 24 కొట్టాడు, సౌతాఫ్రికాకి ఇంక 30 బంతుల్లో 30 కావాలి, స్టాండ్ మొత్తం చావింటిలా ఉంది, నా పక్కన అమెరికా నుంచి వచ్చిన ఒక పెద్దాయన కళ్ళు మూసుకుని హనుమాన్ చాలీసా. అప్పుడు ఫోన్ వణికింది. కాలేజీ మెయిల్. తుఫాను వల్ల సోమవారం క్యాంపస్ మూత, కాబట్టి క్విజ్ ఆదివారం పొద్దున 8 గంటలకి ఆన్‌లైన్‌లో, ఇంటి నుంచి, కెమెరా ఆన్ చేసుకుని. వాయిదా కాదు, ముందుకి జరిపారు! లోకంలో తుఫానొస్తే పరీక్ష వెనక్కి పోద్ది, మాకు ముందుకొచ్చింది. మళ్ళీ తలెత్తి చూసేలోపు క్లాసెన్ అవుటయ్యాడు, బంతి నేను చూడలేదు, ఇప్పటికీ వీడియోలో చూస్తే అదేదో వేరే మ్యాచ్‌లా అనిపిస్తది. ఆఖరి ఓవర్లో మిల్లర్ కొట్టిన బంతిని సూర్య బౌండరీ దగ్గర పట్టాడే, అది మాత్రం కళ్ళారా చూశా. ఏడు పరుగులతో గెలిచాం. అందరూ ఏడుస్తున్నారు, నేనూ ఏడ్చా, అందులో కొంచెం రేపటి క్విజ్ బాక్టీరియా స్ట్రెప్టోకాకస్ వాటా కూడా ఉంది.

ఆదివారం పొద్దున ఆరు నుంచే వీధంతా సుత్తి దెబ్బలు, కిటికీలకి ప్లైవుడ్ కొడుతున్నారు. మా ఇంటి ఓనరు డెబ్బై దాటిన ఆవిడ, ఒక్కతే ఉంటది, నన్ను పేరు పెట్టి ఎప్పుడూ పిలవదు, డార్లింగ్ అంటది, అక్కడ అందరూ అందర్నీ అట్నే అంటారు. 8:00కి లాగిన్ అయ్యా. ఆ పరీక్ష సాఫ్ట్‌వేర్ ఎలాంటిదంటే కళ్ళు పక్కకి తిప్పినా ఎర్ర జెండా, శబ్దం వచ్చినా ఎర్ర జెండా. సుత్తి దెబ్బలకే మూడు జెండాలు పడ్డాయి. ఆరో ప్రశ్న, కోయాగులేజ్ పాజిటివ్ ఏది అని, స్టాఫ్ ఆరియస్ నొక్కబోతుంటే కిటికీ బయట డార్లింగ్, డార్లింగ్ అని కేక. చూస్తే ఆవిడ నిచ్చెన మీద, ఒక చేత్తో ప్లైవుడ్, ఒక చేత్తో గోడ, కింద నిచ్చెన జారుతోంది. లేచి పరిగెత్తా. నిచ్చెన పట్టుకున్నా, మేకులు నేనే కొట్టా, అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. తిరిగొచ్చేసరికి స్క్రీన్ మీద సెషన్ ముగిసింది అని ఉంది. జీరో.

మెయిల్ పెట్టా, ఫొటో పెట్టా, ఓనరమ్మ తన చేత్తో కాగితం మీద రాసిచ్చింది, అదీ స్కాన్ చేసి పంపా. వచ్చిన జవాబు ఏంటంటే ప్రతి సెమ్‌లో అందరికీ ఒక తక్కువ క్విజ్ తీసేస్తాం కదా, అందులో వాడుకో అని. అది అప్పటికే జ్వరం వచ్చిన వారం వాడేశా. సెమ్‌కి 11 క్విజ్‌లు, ఒకటి తీసేస్తే 10, మొత్తం గ్రేడ్లో 15 శాతం, అంటే ఒక్కోటి ఒకటిన్నర. నాకు మైక్రోలో చివరికి 88.9. A గ్రేడ్‌కి 90 రావాలి. ఆ ఒక్కదాంట్లో పదికి ఎనిమిదొచ్చినా దాటేవాణ్ణి. రెసిడెన్సీకి (అమెరికాలో పీజీ ట్రైనింగ్) అప్లై చేసేటప్పుడు ఆ బీ గ్రేడ్‌ని ఎవరైనా చూస్తారా, చూడరేమో, స్టెప్ 1 (అమెరికా లైసెన్స్ పరీక్షల్లో మొదటిది) కూడా 2022 జనవరి నుంచి పాస్ ఫెయిలే, అయినా ఆ 88.9 నాకు నిద్రలో కూడా కనపడుద్ది.

బెరిల్ మాత్రం మాకు దక్షిణంగా పోయింది. సోమవారం మధ్యాహ్నానికే గాలి తగ్గింది, మాకు పోయింది కొన్ని గంటల కరెంటు, పాపం బ్రిడ్జ్‌టౌన్‌లో చేపలోళ్ళ పడవలు చాలా దెబ్బతిన్నాయి. ఇండియా టీమ్ కూడా విమానాల్లేక మూడో తారీఖు దాకా ఇరుక్కుపోయింది. తుఫాను నేరుగా వెళ్ళి తగిలింది గ్రెనడా వాళ్ళ కరియకూ దీవికి. మా బ్యాచ్‌లో ఆ దీవి అమ్మాయి ఉంది, ల్యాబ్‌లో నా టేబులే. తన క్విజ్ బాగానే రాసింది, తొమ్మిదొచ్చింది. తర్వాత నాలుగు రోజులు ఇంటికి ఫోన్ కలవలేదు, కలిశాక పైకప్పు లేదని తెలిసింది. నా జీరో గురించి తన దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు.

స్టూడెంట్ లైఫ్ గురించి అడుగుతారు కాబట్టి రెండు ముక్కలు. వ్యాన్ ఎక్కినా షాపులోకెళ్ళినా ముందు గుడ్ మార్నింగ్ చెప్పాలి, చెప్పకపోతే తిట్టరు గానీ అలా చూస్తారు. తిండికి ఇబ్బంది లేదు, కూకూ అని మొక్కజొన్న పిండిలో బెండకాయలేసి కెలుకుతారు, కళ్ళు మూసుకుంటే మన సంకటే, బెండకాయ జిగురు ఒక్కటే అదనం. అన్నిటికన్నా ఆశ్చర్యం క్రిస్మస్‌కి తాగే సోరెల్ అనే ఎర్ర షర్బత్. మొదటి గుక్కకే ఈ పులుపు నాకు తెలుసే అనిపించింది, పెరట్లోకి వెళ్ళి చూస్తే ఎర్ర కాడ గోంగూర! వాళ్ళు కాయల మీది ఎర్ర రేకులు కోసుకుని ఆకుని పారేస్తారు. అంత ఆకు చెత్తకుప్పలో చూసి నా గుండె ఆగినంత పనైంది. ఆ ఆదివారం మాత్రం క్విజ్ పుస్తకం తియ్యలేదు, పచ్చడి నూరా, ఓనరమ్మకి పెడితే మూడు గ్లాసుల నీళ్ళు తాగి మళ్ళీ అడిగింది. సోమవారం నాలుగొచ్చాయి, ఫీలవ్వలేదు.

క్విజ్ మీద నాకున్న అసలు కోపం మార్కులది కాదేమో అని ఇప్పుడనిపిస్తోంది. మాకూ ఇండియాకీ తొమ్మిదిన్నర గంటలు తేడా. అమ్మ ఆదివారం రాత్రి అన్నం తిని, గిన్నెలు సర్దుకుని, తొమ్మిదిన్నరకి ఫోన్ చేసేది, అప్పుడు మాకు మధ్యాహ్నం పన్నెండు, నేను సరిగ్గా స్లైడ్ల మధ్యలో ఉండేవాణ్ణి. నాలుగు సెమిస్టర్లు, 44 క్విజ్‌లు, బ్లాకులు కూడా కలిపితే 60 ఆదివారాలు (అయిదో సెమ్‌లో క్విజ్ లేదు). కాల్ హిస్టరీ చూస్తే అన్నీ అయిదు నిమిషాలు, ఆరు నిమిషాలు. పోనీ శనివారం చెయ్యమ్మా అని ఒక్కసారన్నా చెప్పి ఉండొచ్చు, అది నా తప్పే, షెడ్యూల్ది కాదు.

మరి చేరొచ్చా అంటే, ఈ క్విజ్ వరకైతే తరిమితే గానీ చదవని రకానికి పనికొస్తది, నాకు మొదటి రెండు సెమ్‌లు పనికొచ్చింది కూడా. సొంతంగా ఆంకీ యాప్‌లో ఫ్లాష్‌కార్డులేసుకుని రోజూ తిప్పేవాళ్ళకి అడ్డం. నాది అమెరికా దారి, రొటేషన్లు అక్కడ, కాబట్టి నా లెక్క వేరు. ఇండియా తిరిగొచ్చి ప్రాక్టీస్ చేద్దామనుకునేవాళ్ళు షెడ్యూల్ సంగతి తర్వాత, ముందు ఎన్ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) 2021 రూల్స్ చదవండి, 54 నెలల కోర్సు, ఆ తర్వాత 12 నెలల ఇంటర్న్‌షిప్ ఆ ఫారిన్ కాలేజీలోనే, ఆ దేశంలో ప్రాక్టీస్‌కి లైసెన్స్ వచ్చే డిగ్రీ. నాలాంటి కోర్సు అందులో పట్టదు, కన్సల్టెన్సీ వాడు పట్టుద్దంటే కాగితం మీద రాసిమ్మనండి.

సెప్టెంబర్‌కి బయల్దేరే వాళ్ళకి ఇంకోటి, మిక్సీ మోసుకెళ్ళొద్దు, అక్కడ కరెంటు 115 వోల్టులు, నాది గుర్రుమని కూడా అనలేదు, చిన్న రోలు పట్టుకెళ్ళండి. మిలిటరీ ప్రింట్ నిక్కర్లు, టోపీలు కూడా వద్దు, బార్బడోస్‌లో అవి మామూలు జనం వేసుకోవడం చట్టప్రకారం నేరం, నాది ఎయిర్‌పోర్ట్‌లోనే పోయింది, దాదాపు కొత్తది.