సేకరణా, సమీకరణా, లీజా? భూమి ఇవ్వక తప్పని ఇంటికి ఏది మేలు?

"ఒరే, డబ్బు తీసుకోమంటావా, ప్లాట్లు తీసుకోమంటావా, లీజుకి ఇచ్చేయమంటావా?" అని మా పెదనాన్న ఫోన్‌లో అడిగిన రోజు నా దగ్గర జవాబు లేదు. ఆయనకున్నది రెండెకరాల నలభై సెంట్లు. అందులో ఎకరంపైన నిమ్మతోట. ఊరి పక్కన పారిశ్రామిక పార్కు వస్తుందని సర్వేయర్లు తిరుగుతున్నారు. ఊళ్లో ఒక్కొక్కరూ ఒక్కో మాట చెబుతున్నారు, ఇంటిల్లిపాదికీ టెన్షన్.

అసలు ఇవ్వబోమని నిలబడటం కూడా ఒక దారే. పశ్చిమ బెంగాల్‌లోని సింగూరులో కారు ఫ్యాక్టరీ కోసం తీసుకున్న 997 ఎకరాలను రైతులకు తిరిగి ఇమ్మని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ అప్పటికి పదేళ్లు గడిచిపోయాయి, కాంక్రీటు పోసిన చోట మళ్లీ నాగలి సాగడం తేలిక కాలేదు. తెలంగాణలోని లగచర్లలో 2024 నవంబరులో ఫార్మా విలేజ్ (మందుల కంపెనీల కోసం) భూసేకరణ నోటిఫికేషన్ వెనక్కి వెళ్లింది, వెంటనే పారిశ్రామిక పార్కు ప్రతిపాదన వచ్చింది. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో 2010లో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని, బీల (చిత్తడి) భూముల కోసం పోరాడితే ప్రాణాలే పోయాయి. పోరాడేవాళ్ల మీద నాకు గౌరవం ఉంది. ఇవ్వక తప్పదనుకున్న ఇంటి గురించే ఇక్కడ రాస్తున్నాను.

ముందు భూసేకరణ, అంటే ప్రభుత్వం చట్టం ప్రకారం డబ్బు కట్టి పొలం తీసుకోవడం. 1894 నాటి చట్టం పోయి, 2013 చట్టం 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రైవేటు కంపెనీ కోసమైతే 80 శాతం మంది, ప్రభుత్వం ప్రైవేటుతో కలిసి చేసే ప్రాజెక్టుకైతే 70 శాతం మంది భూములిచ్చేవాళ్లు ఒప్పుకోవాలి. ప్రభుత్వం తన సొంత అవసరానికి తీసుకుంటే ఈ షరతు లేదు. సామాజిక ప్రభావ అంచనా జరగాలి, ఊళ్లో విచారణ పెట్టాలి. అయితే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ తర్వాత సవరణలు తెచ్చి, పారిశ్రామిక కారిడార్ల వంటి కొన్నింటికి ఆ అంచనా లేకుండా పోయే వీలు కల్పించుకున్నాయి. నా దృష్టిలో రైతుకు జరిగిన పెద్ద నష్టం అదే. తోటలో ఎన్ని చెట్లున్నాయి, ఎవరి కూలి పోతుంది అని ఊరందరి ముందు అడిగే సందర్భమే లేకుండా పోతుంది.

డబ్బు ఎలా కడతారో ఒక లెక్క చూద్దాం. ఎకరం మార్కెట్ విలువ 6 లక్షలుగా తేలిందనుకోండి. పల్లెల్లో దాన్ని 1 నుంచి 2 మధ్య రాష్ట్రం నిర్ణయించిన అంకెతో హెచ్చిస్తారు. అది 1.25 అయితే ఏడున్నర లక్షలు. దానికి నూటికి నూరు శాతం సొలేషియం (భూమి పోతున్నందుకు అదనంగా ఇచ్చే మొత్తం) కలిస్తే 15 లక్షలు. చెట్లకీ, బోరుకీ, షెడ్డుకీ కట్టే విలువ కూడా అందులో కలవాలి. వినడానికి బాగానే ఉంటుంది. కానీ అదే పొలం బయట 40 లక్షలు పలుకుతుంటే? ఇక్కడే మన చేతి తప్పు మనకి తగులుతుంది. స్టాంపు డ్యూటీ మిగులుతుందని ఏళ్ల తరబడి తక్కువ విలువకి రిజిస్ట్రేషన్లు చేయించుకున్నాం. ఆ కాగితాలే ఇప్పుడు మన పొలం ధర తేలుస్తున్నాయి.

అందుకే మా పెదనాన్నకి చెప్పిన మొదటి పని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లమని. గత మూడేళ్లలో చుట్టుపక్కల జరిగిన అమ్మకాల్లో ఎక్కువ ధర ఉన్న సగం దస్తావేజుల సగటును లెక్కలోకి తీసుకోవాలని చట్టంలో ఉంది. ఆ సర్టిఫైడ్ కాపీలు మన చేతిలో ఉండాలి. రెండో పని, డబ్బు తీసుకునేటప్పుడు సంతకం పైన "నిరసనతో తీసుకుంటున్నాను" అని రాయడం. ఆ ముక్క లేకపోతే ఎక్కువ పరిహారం అడిగే దారి మూసుకుపోతుంది. సమ్మతి ఒప్పందం మీద తొందరగా సంతకం పెట్టించుకునే ఊళ్లలో జరిగేదీ ఇదే. చెక్కు త్వరగా వస్తుంది, తర్వాత అడగడానికి ఏమీ మిగలదు.

సమీకరణ అంటే పొలం ఇచ్చి, డబ్బుకి బదులు అభివృద్ధి చేసిన ప్లాట్లు తీసుకోవడం. దీనికి మనకు తెలిసిన పెద్ద ఉదాహరణ అమరావతి. రైతులు 2015లో 30 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. మెట్ట ఎకరానికి 1000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. జరీబుకి (నీళ్లున్న సారవంతమైన భూమికి) వాణిజ్య స్థలం 450 గజాలు. పదేళ్లపాటు ఏటా కౌలు, మెట్టకు 30 వేలు, జరీబుకు 50 వేలు, ఏటా మెట్టకు 3 వేలు, జరీబుకు 5 వేల చొప్పున పెంపు. కాగితం మీద సేకరణ కంటే ఇదే ఎన్నో రెట్లు మేలు. నగరం లేస్తే ఆ గజాల విలువ ఎకరం ధరను దాటిపోతుంది.

నగరం లేవకపోతేనో? 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది. రైతులు రోడ్డెక్కారు. 2022 మార్చి 3న రైతులకు అనుకూలంగా హైకోర్టు తీర్పు, 2024లో ప్రభుత్వం మారడం, మళ్లీ పనులు. ఆ మధ్య ఏళ్లలో పిల్ల పెళ్లి చేయాల్సిన ఇంటికి ఆ ప్లాటు ఏం ఆదుకుంటుంది? సమీకరణలో రైతు పొలం ఇచ్చి ప్రభుత్వం మాట మీద వాటా కొనుక్కుంటున్నట్టు లెక్క. ఆ వాటా ఎప్పుడు చేతికొస్తుందో రైతు చేతిలో లేదు. ఇంట్లో ఉద్యోగమో వ్యాపారమో ఉన్నవాళ్లు, పెద్ద నగరానికి ఆనుకుని ఉన్నవాళ్లు దీనికి ధైర్యం చేయొచ్చు. పల్లెలో పారిశ్రామిక పార్కుకి సమీకరణ అంటే మాత్రం నేను ఒప్పుకోను. అక్కడ గజాల స్థలం కొనేవాడెవడు?

లీజు విషయం క్లుప్తంగా. కర్ణాటకలోని పావగడ సోలార్ పార్కులో సుమారు 13 వేల ఎకరాలు రైతుల పేరు మీదే ఉన్నాయి. ఎకరానికి ఏటా 21 వేలతో మొదలై, రెండేళ్లకోసారి 5 శాతం పెరుగుతుంది. అంటే ఇరవై ఏళ్ల తర్వాత దాదాపు 34 వేలు. అప్పటి ఖర్చుల ముందు అది చిన్న మొత్తమే. అయినా వరస కరువులతో బీడుపడ్డ మెట్టకి ఇంతకంటే మంచి బేరం నేను చూడలేదు. పాసుపుస్తకం మన దగ్గరే ఉంటుంది. నీళ్లున్న తోటకి మాత్రం ఇది గిట్టదు. ఫ్యాక్టరీ కట్టే కంపెనీలు లీజుకి సాధారణంగా రావు కూడా.

ఇక కౌలు రైతు, కూలీ. లీజులో వాళ్లకి ఏమీ లేదు, అద్దె పట్టాదారుకే. అమరావతిలో భూమిలేని కుటుంబాలకు పదేళ్లపాటు నెలకు 2,500 పింఛను అన్నారు. 2013 చట్టం మాత్రం మూడేళ్లుగా అక్కడ పని చేస్తున్న కౌలుదారునీ, కూలీనీ బాధిత కుటుంబంగా గుర్తిస్తుంది. ఉద్యోగం, లేదా 5 లక్షలు, లేదా ఇరవై ఏళ్లపాటు నెలకు 2 వేలకు తగ్గని భత్యం, ఏదో ఒకటి వాళ్లకు రావాలి. అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకు డీ-పట్టా మీద ఇచ్చిన భూమి) ఉన్నవాళ్లకు ఇంకో మాట: పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లోనే ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు చెప్పింది. డీ-పట్టా కదా అని ఎవరైనా సగం ధరకి మాట్లాడితే ఒప్పుకోవద్దు.

ఇవన్నీ చూశాక పెదనాన్నకి సేకరణే చెప్పాను. ఒప్పందం వద్దు, చట్టం ప్రకారం అవార్డు (పరిహారం ఎంతో తేల్చే ఉత్తర్వు) రానివ్వండి, ఆలస్యమైనా పర్లేదు అన్నాను. నిమ్మచెట్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టించమన్నాను. సర్వేయర్ మొదటిసారి వచ్చినప్పుడు తోట అని మాత్రం రాసుకుపోయాడు. రెండోసారి పెదనాన్న వెంట నడిచి చెట్టుకి సున్నంతో నంబరు వేయించాడు. నూట నలభై రెండు. పొలం గట్టున పదకొండేళ్లుగా మిరప వేస్తున్న కౌలు రైతు పేరు కూడా ఆ రోజే రాయించాడు. రాయడానికి వాళ్లు వెనకాడారు. పేరు పడేదాకా పెదనాన్న గట్టు మీద నుంచి కదల్లేదు.