గోలకొండ కవుల సంచిక: ఏళ్ల తరబడి వాడాక

నా బల్ల మీద నిఘంటువు పక్కన ఎప్పుడూ ఉండే పుస్తకం ఇది. 1934లో సురవరం ప్రతాపరెడ్డి గారు తెచ్చిన గోలకొండ కవుల సంచిక, నిజాం రాష్ట్రపు తెలుగు కవుల పద్యాల సంకలనం. తెలుగు పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ నా దగ్గర ఉంది. గొప్ప పుస్తకమని చెప్పి దండం పెట్టి అలమరలో దాచేసేవాళ్లే ఎక్కువ. దీన్ని వాడుకోవాలి. వాడితే ఎంత పనికొస్తుందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఇది పుట్టిన కథ చాలామందికి తెలిసిందే. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమని, అంటే సున్నా అని, ఒక పండితుడు వ్యాసంలో రాశారు. హైదరాబాదులో 1926 నుంచి వారానికి రెండుసార్లు గోలకొండ పత్రిక నడుపుతున్న ప్రతాపరెడ్డి గారు, దానికి జవాబుగా కవులనే పోగుచేశారు. ఒకరిద్దరు కాదు, 354 మంది! అప్పటి పరిస్థితి కూడా గుర్తుంచుకోవాలి. జనంలో దాదాపు సగం మంది తెలుగువాళ్లే అయినా సర్కారు కచేరీల్లో ఉర్దూ, 1918లో పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీలోనూ ఉర్దూలోనే చదువు. 1921లో హైదరాబాదులో జరిగిన ఒక సభలో తెలుగులో మాట్లాడబోయిన అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలుని గోల చేసి ఆపేశారు. తెలుగువాళ్ల కోసం ఆంధ్ర జన సంఘం అనే సంస్థ పుట్టింది ఆ అవమానంలోంచే. అది జరిగిన పదమూడేళ్లకు అదే నగరం నుంచి ఇంతమంది తెలుగు కవుల పేర్లు అచ్చులో వచ్చాయి. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

మొదటి పేజీ నుంచి వరసగా చదవొద్దని నా సలహా. అలా మొదలుపెట్టినవాళ్లు యాభై పేజీలు దాటకుండానే ఆపేయడం చూశాను. కవి పేరుతోపాటు ఊరు కనబడుతుంది కదా, అక్కడి నుంచి పట్టుకోండి. మీ జిల్లా, మీ తాలూకా, మీ పక్క ఊరు. నేను పాలమూరు వైపు ఊళ్ల పేర్లన్నీ విడిగా ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నాను. క్లాసులో ఛందస్సు చెప్పేటప్పుడు ఆ ఊళ్లవాళ్ల పద్యాలే బోర్డు మీద రాస్తాను. గణాలంటే టెన్షన్ పడే పిల్లలు కూడా తమ పక్క ఊరాయన పద్యమని తెలిస్తే గురువులూ లఘువులూ లెక్కపెట్టడానికి ముందుకొస్తారు. ఒకసారి సీసం కింద తేటగీతి విడగొడుతుంటే వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "సార్, ఇది మా అమ్మమ్మవాళ్ల ఊరు" అంది. మర్నాడు ఇంట్లో పెద్దవాళ్లను అడిగి ఆ కవి ఇల్లు ఎక్కడుండేదో రాసుకొచ్చింది. ఏ పాఠ్యపుస్తకంతోనూ నాకు ఆ పని కాలేదు.

ఇక కవిత్వం సంగతి. అన్నీ గొప్ప పద్యాలు కావు. స్తుతులు, నీతులు, అవే పాత ఉపమానాలు చాలానే ఉన్నాయి. జల్లెడ పట్టి ముప్పై మందిని తీస్తే చక్కటి సంకలనం అయ్యేది, నిజమే. కానీ అప్పటి మాటకు అది జవాబు అయ్యేదా? కవులు లేరన్నప్పుడు చూపించాల్సింది ఎంతమంది ఉన్నారనేదే. అందుకే ఆ ఎంపిక సరైనదేనని నేను గట్టిగా నమ్ముతాను. చిన్న పల్లెలో కూర్చుని రాసుకున్నాయనకూ పేరున్న పండితుడికీ ఒకే పుస్తకంలో చోటు దొరికింది.

నాకు బాధ కలిగించేది వేరే ఉంది. ఎక్కువ భాగం ఛందోబద్ధ పద్యాలే. బతుకమ్మ పాటలు కట్టినవాళ్లు, యక్షగానాలు ఆడినవాళ్లు, అక్షరం రాకపోయినా వందల పాటలు నోటికి వచ్చినవాళ్లు ఈ లెక్కలోకి రాలేదు. కవయిత్రులు ఉన్నారు గానీ వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నాట్లు వేస్తూ, తిరగలి విసురుతూ ఆడవాళ్లు పాడిన పాటలను కూడా లెక్కలోకి తీసుకుని ఉంటే సంచిక ఎన్ని సంపుటాలయ్యేదో! ఆ పని ఇప్పటికీ మిగిలే ఉంది.

వాడేవాళ్లకు కొన్ని ఇబ్బందులున్నాయి. పాత అచ్చులో అరసున్నలు, బండి ఱలు ఉంటాయి, కళ్లకు అలవాటు కావాలి. స్కాన్ కాపీల్లో ఒత్తులు కలిసిపోయి ఊరి పేరు తప్పుగా చదివే ప్రమాదముంది. తర్వాత పునర్ముద్రణ కూడా వచ్చింది కాబట్టి, అనుమానం వచ్చినచోట రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. అప్పటి తాలూకాలకూ ఇప్పటి మండలాలకూ పొంతన ఉండదు. పాత జిల్లా మ్యాపు ఒకటి దగ్గరుంచుకుంటే సగం పని తేలికవుతుంది. ఊరు దొరికాక అక్కడి పెద్దమనుషుల్ని అడగడం ఆలస్యం చేయకండి. కవి మనవల తరం కూడా ఇప్పుడు ముసలివాళ్లయిపోయారు.