అంజీర ఆకు క్యాండిల్: అడుగు దాకా వెలిగించాక

ఖరీదైన సెంటెడ్ క్యాండిల్ గురించి కొన్న వారంలోనే రాస్తే, ఆ అందమైన డబ్బా గురించి రాసినట్టే అవుతుంది. అందుకే ఇది పూర్తయ్యేదాకా ఆగాను. 190 గ్రాములది, వారానికో సాయంత్రం చొప్పున దాదాపు నాలుగు నెలలు వచ్చింది. నేను కొన్నవాటిలో ఇది రెండోది. మొదటిదాన్ని చేజేతులా పాడుచేసుకున్నాను, ఆ సంగతి తర్వాత చెప్తాను.

ముందు వాసన. మూత తీయగానే ముక్కుకు తగిలేది పచ్చిదనం. అంజీర ఆకు తుంచితే తొడిమ దగ్గర తెల్లగా పాలు కారతాయి కదా, అచ్చం ఆ వాసనే. కాస్త చేదు, కాస్త వగరు. పండు తీపి ఎక్కడా లేదు. వెలిగించిన ముప్పావు గంటకు ఆ పచ్చిదనం తగ్గి, పచ్చికొబ్బరి లాంటి మెత్తదనం వస్తుంది, దాని అడుగున ఎండిన చెక్క వాసన. ఈ మార్పు కోసమే నేను దీన్ని ఇష్టపడ్డాను. తేలికగా ఆవిరయ్యేవి చల్లటి మైనం మీద కూడా తెలిసిపోతాయి. చెక్క లాంటి బరువైన వాసనలు పైకి లేవాలంటే వేడి తగలాలి. కాబట్టి వెలిగించకుండా వాసన చూసి కొంటే సగమే చూసి కొన్నట్టు.

అసలు ఆ పరిమళం మంటలోంచి రాదు, వత్తి చుట్టూ కరిగి నిలిచిన మైనంలోంచి వస్తుంది. ఇది తెలియకే మొదటి క్యాండిల్ పోగొట్టుకున్నాను. ఖరీదైనది కదా అని పొదుపుగా రోజూ అరగంట వెలిగించి ఆర్పేసేదాన్ని. పది రోజులకు వత్తి చుట్టూ బావిలా గుంత పడింది, అంచుల్లో మైనం గోడలా నిలబడిపోయింది. వత్తి ఆ గుంతలో మునిగిపోయి, వెలిగించిన ప్రతిసారీ కాసేపటికే ఆరిపోయేది. అల్యూమినియం ఫాయిల్‌ను గ్లాసు అంచుల మీద కప్పి, మధ్యలో మంటకు ఖాళీ వదిలి చూశాను. గోడ కొంత కరిగింది కానీ అప్పటికే ఆలస్యమైంది. మొదటిసారి వెలిగించినప్పుడు మైనం అంచు నుంచి అంచు దాకా కరగాల్సిందే. గ్లాసు వెడల్పులో ప్రతి రెండున్నర సెంటీమీటర్లకు ఒక గంట అని లెక్క. దీనికి మూడు గంటలు పట్టింది. అలాగని నాలుగు గంటలు దాటనివ్వకూడదు.

వత్తిని ప్రతిసారీ 5 మిల్లీమీటర్లకు కత్తిరించాలి. ఒక్క సాయంత్రం మరిచిపోయాను. వత్తి కొస పుట్టగొడుగులా కొడి కట్టింది, మంట ఎత్తుగా ఊగింది, గాజు లోపలి అంచున నల్లగా మసి పట్టింది. ఆ రోజు అంజీర లేదు, కాలిన వత్తి వాసనే.

ఇంకో మాట. అరగంట అదే గదిలో కూర్చుంటే వాసన ఆగిపోయినట్టు అనిపిస్తుంది. క్యాండిల్ తప్పు కాదు, ముక్కు అలవాటు పడిపోతుంది. పది నిమిషాలు బయట తిరిగి వచ్చి గుమ్మం దగ్గర గాలి పీల్చి చూడండి, అప్పుడు తేల్చుకోండి. నేను అలాగే చూశాను. పడకగదిలో గుమ్మం దాకా నిండుగా ఉంది. పెద్ద హాల్లో మాత్రం తేలిపోయింది, ఫ్యాన్ వేస్తే ఇక చెప్పక్కర్లేదు. హాలు కోసమే అయితే ఇది కొనకండి.

పెట్టె మీద 60 గంటలని రాశారు. వంటింటి తూకం మీద గ్లాసుతో సహా పెట్టి చూశాను: నాలుగు గంటలకు 13 గ్రాములు తగ్గింది. అడుగున అర సెంటీమీటరు మైనం వదిలేయాలి, అంతకన్నా కిందికి కాలిస్తే గాజు వేడెక్కి పగలొచ్చు. అది తీసేస్తే నాకు వచ్చినవి 53 గంటలు. ధరను 60తో కాకుండా 53తో భాగించి చూడండి, గంట ఖరీదు తేలుతుంది. నా వరకు ఆ ఖరీదు సమంజసమే, ఎందుకంటే చివరి మూడో వంతులో కూడా వాసన పలచబడలేదు. అంతకుముందు వాడిన చవక క్యాండిల్ మొదటి వారం ఘాటుగా తలనొప్పి తెప్పించి, ఆ తర్వాత ఉత్త మైనమైపోయింది.

ఇదే వాసనలో 70 గ్రాములది కూడా ఉంది. ముందు చిన్నది కొని చూద్దాం అనుకునేవాళ్లకు చెప్తున్నా, అది వేరే అనుభవం. కరిగే మడుగు చిన్నది కాబట్టి వాసన దూరం పోదు. బాత్రూమ్‌కు సరిపోతుంది, అంతే.

అర సెంటీమీటరు మిగిలిన ఆ గ్లాసును మూత తీసి బట్టల అల్మారాలో పెట్టాను. నెల దాటింది. దుప్పటి తీసిన ప్రతిసారీ ఆ చేదు పచ్చిదనం ఇంకా పలకరిస్తోంది.