బూస్ట్ ఆపేశాను: మగ్గం వర్క్ షాపు నుంచి ఒక రివ్యూ

సోషల్ మీడియా యాప్‌లో డబ్బు కట్టి ఇచ్చే ప్రకటనకు (బూస్ట్ అంటారు) నా స్టార్లు ఇవి. కస్టమర్లను తెచ్చిపెట్టడంలో నాలుగు స్టార్లు. మన మాట వినడంలో ఒక్కటి.

నేను నల్గొండ రామగిరిలో మగ్గం వర్క్ షాపు నడుపుతాను. రెండేళ్లుగా ఒక సోషల్ మీడియా యాప్‌లో ప్రకటనలు ఇస్తూ వచ్చాను. దాని పేరు ఇక్కడ రాయను, ఎందుకంటే నేను చెప్పేది ఏ యాప్‌లో డబ్బు పెట్టే షాపువాళ్లకైనా పనికొస్తుంది. మామూలు రోజుల్లో రోజుకు 200, శ్రావణంలో, మాఘంలో 500 పెట్టేదాన్ని. పని మాత్రం బాగా చేస్తుంది, అందులో అబద్ధం చెప్పను. 40 కిలోమీటర్ల లోపు, ఆడవాళ్లు, ఫలానా వయసు అని పెడితే చాలు, నకిరేకల్ నుంచి, నార్కట్‌పల్లి నుంచి పెళ్లి బ్లౌజుల కోసం వెతుక్కుంటూ వచ్చారు. కరపత్రాలు పంచితే ఇందులో సగం కూడా వచ్చేవాళ్లు కాదు.

అయితే మొన్న వేసవిలో ఒక రాత్రి పదింటికి, మా దగ్గరే బ్లౌజులు కుట్టించుకునే లెక్చరర్ అక్క ఒక స్క్రీన్‌షాట్ పంపింది. "ఇది నీ షాపే కదా చెల్లె?" అని అడిగింది. చూస్తే పైన ఒక వీడియో. బస్సు కోసం నిలబడ్డ కాలేజీ పిల్లలను వాళ్లకు తెలియకుండా వెనక నుంచి తీసింది. ఒకమ్మాయి చున్నీ సర్దుకుంటోంది, సరిగ్గా అక్కడ ఆపి పెట్టారు. కామెంట్లు రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. ఆ వీడియోకు ఆనుకుని పట్టీలాగా నా ప్రకటన ఉంది. బాటిల్ గ్రీన్ బ్లౌజు, వీపు మీద జర్దోసీ నెమలి, నాలుగు రోజులు కూర్చుని నా చేత్తో కుట్టింది. పక్కనే నా ఫోన్ నంబరు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

రిపోర్ట్ కొట్టాను. మా నియమాలకు విరుద్ధంగా ఏమీ లేదని మర్నాడు జవాబు వచ్చింది. మళ్లీ కొట్టాను, అదే జవాబు. మన దేశంలో 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఇలాంటి యాప్‌లు ఫిర్యాదులు తీసుకునే అధికారిని పెట్టాలి, అందుకని ఆయనకూ మెయిల్ పెట్టాను, అందిందని ఒక మెసేజ్ వచ్చి ఆగిపోయింది. అదే, ప్రకటనల ఖాతాలోకి వెళ్లి బడ్జెట్ ఆపేస్తున్నాను అని రాయగానే అరగంటలో మనిషి లైన్లోకి వచ్చాడు. మేడమ్, ఏమైంది మేడమ్ అని మర్యాదగా మాట్లాడాడు. ప్రకటన ఎక్కడెక్కడ కనపడకూడదో సెట్టింగ్ ఉంది, నేను పెట్టి ఇస్తానన్నాడు. నా ప్రకటన సంగతి సరే, ఆ పిల్లల వీడియో తీసేయండి అంటే అది వేరే డిపార్ట్‌మెంట్ అన్నాడు. చూసేవాళ్ల మాట ఎవరు వింటారో, డబ్బు కట్టేవాళ్ల మాట ఎవరు వింటారో నాకు అప్పుడు అర్థమైంది.

ఇట్లా ప్రకటన డబ్బు ఆపి అడగడం నేను కనిపెట్టిన దారేం కాదు. 2013 మేలో ఫేస్‌బుక్‌లో ఆడవాళ్లను కొట్టడాన్ని, అత్యాచారాన్ని నవ్వులాటగా చూపించే పేజీల మీద అమెరికాలో, ఇంగ్లండ్‌లో మహిళా సంఘాలు ఇదే పని చేశాయి. ఆ బొమ్మల పక్కన ఎవరి ప్రకటన ఉంటే ఆ కంపెనీకే చూపించి అడిగారు. బ్రిటన్‌లో నిస్సాన్ లాంటి సంస్థలు ప్రకటనలు ఆపాయి, వారం తిరిగేసరికి ఫేస్‌బుక్ తప్పు ఒప్పుకుని నియమాలు సరిచేసుకుంటానంది. 2020 జూలైలో ద్వేషపు పోస్టుల మీద వెయ్యికి పైగా కంపెనీలు ఫేస్‌బుక్‌లో ఒక నెల ప్రకటనలు ఆపాయి, యూనిలీవర్, కోకాకోలా కూడా ఆపాయి. కానీ ఆ జూలై నుంచి సెప్టెంబర్ దాకా మూడు నెలల ఫేస్‌బుక్ ఆదాయం చూస్తే అంతకు ముందు ఏడాది అవే నెలల కంటే 22 శాతం పెరిగింది. ఎందుకంటే వాళ్లకు అప్పటికే 80 లక్షల మందికి పైగా ప్రకటనదారులుండేవాళ్లు, పెద్ద కంపెనీలు వంద కలిపి ఇచ్చింది మొత్తంలో ఐదో వంతు కూడా కాదు. మిగతాది ఎవరిస్తున్నారు? చాలావరకు మనలాంటి షాపులవాళ్లమే కదా, రోజుకు 200, 500 పెట్టేవాళ్లం.

అందుకే ఒక సాయంత్రం నోట్‌బుక్ పెట్టుకుని కూర్చున్నాను. ఆ వీడియో పెట్టిన పేజీలోని వీడియోలు ఒక్కొక్కటే తెరిచి, టైము, కనపడ్డ ప్రకటన రాసుకుంటూ పోయాను. చూసే మనిషిని బట్టి ప్రకటన మారుతుంది కాబట్టి మా తమ్ముడి ఫోన్లో కూడా చూశాను. మన ఊరి షాపులే పదకొండు తేలాయి. మర్నాడు ఆ స్క్రీన్‌షాట్లు పట్టుకుని ప్రకాశం బజార్‌కు పోయాను. బంగారం షాపు సేటు ఫోను చేతిలోకి తీసుకుని, కళ్లద్దాలు పైకి తోసి, చాలాసేపు చూశాడు. "నాకు ఎరుక లేదు బిడ్డా, అంతా హైదరాబాద్‌ల ఏజెన్సీ పిలగాడు చూస్తడు" అన్నాడు. నా ముందే ఆ పిలగాడికి ఫోన్ కొట్టి "ఇయ్యాల్నే బంద్ చెయ్యి" అన్నాడు. ఆయనకూ ఇంటర్ చదివే మనవరాలుందట. ఒక కోచింగ్ సెంటర్ ఆయన మాత్రం అడ్మిషన్ల టైము, ఇప్పుడు ఆపలేనమ్మా అన్నాడు. నాకు చాలా కోపం వచ్చింది, ఆ సెంటర్లో సగం మంది ఆడపిల్లలే.

పదకొండులో ఏడు షాపులు ఆపాయి. ఆపేటప్పుడు కారణం ఏమిటని ఖాతాలో అడుగుతుంది, అందరం అదే వీడియో లింకు, ఒకే వాక్యం రాశాం. ఊరికే ఆపేస్తే డబ్బుల్లేక ఆపారనుకుంటారు, అందుకని ఇది మర్చిపోవద్దు. ఈ లోపల వీడియోలో ఉన్న ఆ అమ్మాయి నాన్న, ఆడవాళ్ల మీద వేధింపులు చూసే పోలీసుల షీ టీమ్‌కు ఫిర్యాదు చేశాడు. తొమ్మిదో రోజున వీడియో పోయింది. దేనివల్ల పోయిందో కచ్చితంగా చెప్పలేను, రెండూ కలిసి పనిచేశాయని నా నమ్మకం. పేజీ మాత్రం ఇంకా ఉంది.

నాకు నష్టం రాలేదా అంటే వచ్చింది. ఈ శ్రావణంలో ఆర్డర్లు తగ్గాయి, ఒక వర్కర్‌కు సగం రోజులే పని ఇవ్వగలిగాను. గడియారం సెంటర్‌లో ఫ్లెక్సీ పెట్టించాను, పాత కస్టమర్లకు వాట్సాప్‌లో డిజైన్లు పంపుతున్నాను. ఆ పేజీ పోయేదాకా మళ్లీ రూపాయి పెట్టను. మీ షాపు ప్రకటన ఎక్కడ కనపడుతోందో చూడాలంటే నోట్‌బుక్ పట్టుకుని రండి, ఎట్లా చూడాలో షాపులోనే కూర్చోబెట్టి చూపిస్తాను. మధ్యాహ్నం మూడు తర్వాత అయితే నాకు కొంచెం తీరిక.